జోన్‌కి చర్చి మీద కోపం లేదు, చిక్కంతా అక్కడే

మీరు అడిగినవి మూడు. 1928 నాటి మూకీ సినిమా 'ది ప్యాషన్ ఆఫ్ జోన్ ఆఫ్ ఆర్క్' చూశారు, చాలా కదిలించింది, కానీ మీ ఫ్రెండ్ ఒకరు 'అది క్రైస్తవానికి వ్యతిరేకంగా తీసిన సినిమా, ఫాదర్లందరినీ రాక్షసుల్లా చూపించారు' అన్నారు, అది నిజమా? జోన్‌ని కాల్చి చంపిన చర్చే తర్వాత పునీతురాలని (సెయింట్ అని) ప్రకటించడం ఏంటి? నెట్‌లో దొరికే ప్రింట్లలో ఏది చూడాలి? మొదటి ప్రశ్న దగ్గరే ఎక్కువసేపు ఉంటాను, అది తేలితే రెండోది సగం తేలిపోతుంది.

ఈ సినిమాని ఫిలిం సొసైటీలో చాలాసార్లు వేశాను, అయిపోయాక జనంతో కూర్చుని మాట్లాడాను. దాదాపు ప్రతిసారీ గది రెండుగా చీలుతుంది. ఒకవైపు 'చూశారా చర్చి ఎంత దుర్మార్గమో' అనేవాళ్ళు, ఇంకోవైపు 'ఇది మా విశ్వాసం మీద దాడి' అని ముఖం ముడుచుకునేవాళ్ళు. ఇద్దరూ ఒకే చోట తప్పటడుగు వేస్తారు. జోన్‌ని చర్చికి ఎదురుతిరిగిన మనిషి అనుకుంటారు. ఆమె తిరగలేదండీ. సినిమాలోనూ లేదు, 1431 విచారణ రికార్డుల్లోనూ లేదు, 'మీ చర్చి నాకొద్దు' అన్న మాట ఆమె నోట ఎక్కడా రాదు. పూజకు వెళ్ళనివ్వండి, పాపసంకీర్తనం (ఫాదర్ ముందు పాపాలు ఒప్పుకోవడం) చేసుకోనివ్వండి, సత్ప్రసాదం (పూజలో క్రీస్తు శరీరంగా ఇచ్చే అప్పం) ఇప్పించండి అని బతిమాలుతూనే ఉంటుంది. చర్చి అంటే లెక్కలేని మనిషైతే ఆ జడ్జీల పని చాలా తేలికయ్యేది, మనకీ ఇంత కథ ఉండేది కాదు.

చరిత్ర కొంచెం తెలిస్తే సినిమా బాగా అర్థమవుతుంది కాబట్టి గబగబా చెప్పేస్తాను. 1412 ప్రాంతంలో దొంరేమీ అనే పల్లెలో రైతు కుటుంబంలో పుట్టిన పిల్ల. పునీత మైకేల్, కేథరిన్, మార్గరెట్ తనతో మాట్లాడతారనీ, ఫ్రాన్సుని ఇంగ్లీషు వాళ్ళ నుంచి కాపాడమని దేవుడు పంపాడనీ నమ్మింది. 1429 మే నెలలో ఓర్లెయాన్ ముట్టడి తొలగింది, అదే జూలైలో రెమ్స్‌లో ఏడో చార్లెస్‌కి ఫ్రాన్సు రాజుగా పట్టాభిషేకం జరిగింది, రెంటిలోనూ ఆమె ఉంది. 1430 మేలో కాంపియెన్ దగ్గర ఇంగ్లీషు వాళ్ళతో చేతులు కలిపిన బర్గండీ పక్షం వాళ్ళకి చిక్కింది. వాళ్ళు 10,000 లీవ్ర్‌లకి ఇంగ్లీషు వాళ్ళకి అప్పగించారు. రువాన్‌లో చర్చి కోర్టు పెట్టారు, 1431 మే 30న కాల్చేశారు. అప్పటికి ఆమెకి పందొమ్మిదేళ్ళు. సినిమాలో వయసెంత అని అడిగితే వేళ్ళ మీద లెక్కపెట్టుకుని చెప్పేది అదే. యుద్ధం, గుర్రాలు, పట్టాభిషేకం, ఇవేవీ సినిమాలో లేవు. నెలల తరబడి నడిచిన విచారణని దర్శకుడు కార్ల్ డ్రేయర్ దాదాపు ఒక్క రోజులో జరిగినట్టు కుదించేశాడు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. కోర్టు ఆమెని తిప్పి తిప్పి అడిగింది ఒకటే: నువ్వు చెప్పినవీ చేసినవీ చర్చి తీర్పుకి అప్పగిస్తావా లేదా? 'దేవుడూ చర్చీ ఒకటే కదా, దీంట్లో మీకెందుకింత ఇబ్బంది' అన్న అర్థంలో ఆమె జవాబిచ్చింది. అప్పుడు పండితులు విడమరిచారు. పరలోకంలో దేవుడూ పునీతులూ రక్షణ పొందిన ఆత్మలూ ఉన్న చర్చి ఒకటి, భూమ్మీద పోప్, కార్డినల్స్, బిషప్పులు, విశ్వాసులూ ఉన్న చర్చి ఇంకొకటి, ఈ రెండోదాని తీర్పుకి లోబడతావా అని. నన్ను పంపింది పైనున్న చర్చి, దానికే లోబడతాను అంది. ఇంకా వెంటపడితే, భూమ్మీది చర్చికీ లోబడతాను, నావల్ల కానిది చెయ్యమననంత వరకు, ముందు మాత్రం దేవుడి సేవ అంది. ఆ 'ముందు దేవుడు' అన్న చిన్న షరతే ఆమె మెడకి చుట్టుకుంది.

ఇక్కడ చాలామంది ఆగి ఆలోచించరు. ఆ జడ్జీల భయం పూర్తిగా నాటకమేం కాదు. 1378 నుంచి 1417 దాకా ఐరోపాలో ఒకేసారి ఇద్దరు, ఒక దశలో ముగ్గురు, 'నేనే పోప్' అన్నారు. ఆ గొడవని తేల్చిన కాన్‌స్టాన్స్ చర్చి మహాసభలోనే 1415లో బోహీమియా సంస్కర్త యాన్ హుస్‌ని మతద్రోహి అని కాల్చారు. చీలిక సర్దడంలో పెద్ద చెయ్యి ప్యారిస్ విశ్వవిద్యాలయం పండితులది, జోన్ మీద అభిప్రాయం రాసిచ్చిందీ ఆ విశ్వవిద్యాలయమే. నలభై ఏళ్ళ గందరగోళం చూసినవాళ్ళకి, చదువురాని ఒక పల్లెటూరి అమ్మాయి వచ్చి 'దేవుడు నాతో నేరుగా చెప్పాడు, అది మీరు తూచలేరు' అంటే ఎలా వినిపిస్తుంది? రేపు పక్క ఊళ్ళో ఇంకొకడు లేచి ఇదే మాట అంటే? ఆ గొంతు దేవుడిదో సైతానుదో తేల్చే అధికారం ఎవరికీ లేకపోతే చర్చి ఉండి ఏం లాభం అన్నది వాళ్ళ వాదన. నాకు నచ్చకపోవచ్చు, కానీ వాదనే. భక్తికీ అధికారానికీ మధ్య గొడవ మీద వచ్చే సినిమాల్ని నేను ఇక్కడే తూస్తాను, ఎదుటిపక్షం మాటకి కాస్తయినా బరువుందా లేదా అని. లేకపోతే అది మంచి అమ్మాయి, చెడ్డ ఫాదర్ల కథ, అలాంటివి బోలెడున్నాయి.

అలాగని వాళ్ళని వెనకేసుకురావడం లేదు. దాని వెనక రాజకీయం నగ్నంగా ఉంది. విచారణ నడిపిన బిషప్ కోషాన్‌ది బోవే పీఠం, 1429లో ఆ ఊరు చార్లెస్ వైపు తిరగ్గానే అక్కణ్ణుంచి పారిపోయి ఇంగ్లీషు వాళ్ళ పంచన చేరిన మనిషి. చర్చి కోర్టులో ముద్దాయిని చర్చి జైల్లో పెట్టాలి, ఆడవాళ్ళ కాపలాలో ఉంచాలి. ఈమెని ఉంచింది రువాన్ కోటలో, ఇంగ్లీషు సైనికుల మధ్య. తన కేసుని పోప్ దగ్గరకి పంపమని అడిగితే పోప్ చాలా దూరం అన్నారు. కాబట్టి 'నువ్వు చర్చికి లోబడవు' అని తీర్పు రాసినవాళ్ళు, ఆమె ఆ చర్చి పెద్దకే లోబడతానంటే పడనివ్వలేదు. ఇంతకన్నా పెద్ద మోసం ఆ కేసులో నాకు కనిపించదు.

సినిమాలో కృప గురించిన ప్రశ్న గుర్తుందా? 'నువ్వు దేవుడి కృపలో ఉన్నావా' అని అడుగుతారు. పక్కనున్న యువ సన్యాసి మసియూ అది ప్రమాదకరమైన ప్రశ్న అని హెచ్చరించబోతాడు. (ఆ వేషం వేసింది ఆంతోనిన్ ఆర్తో, తర్వాత నాటకరంగాన్ని కుదిపేసిన మనిషి.) ఉన్నాను అంటే దొరికిపోయినట్టే, తాను కృపలో ఉన్నట్టు ఏ మనిషీ ఖాయంగా చెప్పలేడన్నది చర్చి బోధ. లేను అంటే నేరం ఒప్పుకున్నట్టు. ఆమె ఏమంది? లేకపోతే దేవుడు నన్నందులో ఉంచుగాక, ఉంటే అలాగే నిలుపుగాక. ఇది రచయిత కల్పన కాదు, రికార్డులో ఉన్న మాట. అడిగినవాళ్ళు నిర్ఘాంతపోయారని కోర్టు లేఖరి ఒకాయన తర్వాతెప్పుడో సాక్ష్యం చెప్పాడు. ఆ జవాబులో చర్చిని ధిక్కరించడం ఎక్కడైనా ఉందా? ఆ పండితులే తమ విద్యార్థికి నేర్పించదగ్గ జవాబు అది.

మీ ఫ్రెండ్‌తో వాదించాలంటే నేనైతే ఒక్క సీనే మళ్ళీ పెట్టి చూపిస్తాను, సత్ప్రసాదం సీన్. జోన్ జబ్బుపడి మంచం మీద ఉంటుంది. సత్ప్రసాదం తెస్తున్నారని తెలియగానే ఆ ముఖం చూడండి, చావబోయే మనిషి ముఖం కాదది, పండగ రోజు చిన్నపిల్ల ముఖం. అన్నీ సిద్ధం చేస్తారు. ఇచ్చే ముందు ఒక కాగితం చాపుతారు: నేను చెప్పింది తప్పని ఒప్పుకుంటూ దీని మీద సంతకం పెట్టు. ఆమె చూపు కాగితం మీదకి, అప్పం మీదకి, మళ్ళీ కాగితం మీదకి. సంతకం పెట్టదు. అప్పం వెనక్కి వెళ్ళిపోతుంది. నువ్వు కాదంటున్నది క్రీస్తు శరీరాన్నని తెలియదా అని పైనుంచి ఒక మాట. దేవుణ్ణి ప్రేమిస్తున్నాను, గౌరవిస్తున్నాను, నిండు మనసుతో, అంటుంది ఏడుస్తూ. ఇది చర్చి వ్యతిరేక సినిమా అయితే దర్శకుడు ఆ అప్పాన్ని అంత విలువైనదిగా చూపించాల్సిన అవసరమే లేదు. అది ఉత్త పిండి బిళ్ళ అనుకునేవాడికి ఈ సీన్ పనే చెయ్యదు. చూసేవాడు, కనీసం ఆ రెండు నిమిషాలైనా, అది దేవుడే అని ఆమెతో పాటు నమ్మాలి, అప్పుడే దాన్ని లంచంగా వాడటం ఎంత ఘోరమో తెలుస్తుంది. ఆ సీన్ సత్ప్రసాదం పక్షాన ఉంది, దాన్ని పట్టుకున్న చేతులకి ఎదురుగా ఉంది.

అదే ఊపులో ఆమె జడ్జీల వైపు వేలు చూపించి, నన్ను హింసించడానికి సైతాను పంపింది నిన్ను, నిన్ను, నిన్ను అంటుంది. గమనించండి, ఒక్కొక్కరినీ విడివిడిగా అంటుంది. చర్చిని అనదు.

ఇక అందరూ రాక్షసుల్లా ఉన్నారన్న ఫిర్యాదు. ముఖాలు భయంకరంగా ఉన్న మాట నిజమే. మేకప్ లేదు, ప్రతి పులిపిరీ ముడతా కనపడుతుంది, కెమెరా చాలాచోట్ల కింద నుంచి పైకి చూస్తుంది, ఎవరు ఎవరి పక్కన కూర్చున్నారో తెలియనివ్వదు. కానీ మళ్ళీ చూడండి. మొదట్లోనే ఒక ముసలాయన లేచి ఈమె నాకు పునీతురాలు అని కాళ్ళ దగ్గర మోకరిల్లుతాడు. మసియూ చివరిదాకా ఆమె పక్షమే. ఆఖర్న ఆమె తన ఒప్పుకోలుని వెనక్కి తీసుకుని చావుకి సిద్ధపడినప్పుడు జడ్జీల్లో కొందరి కళ్ళు తడుస్తాయి. కోషాన్‌గా వేసిన యూజెన్ సిల్వాఁ ముఖంలో నాకు కనిపించేది క్రూరత్వం కన్నా, సంతకం పెట్టించి ఎలాగోలా బయటపడేద్దాం అన్న ఆత్రం. వాళ్ళకి ఆమె శవం కన్నా ఆమె లొంగుబాటే ఎక్కువ కావాలి. శవం కావాల్సింది ఇంగ్లీషు వాళ్ళకి.

నిజంగా అసహ్యం పుట్టించే పాత్ర లోజలర్, స్నేహితుడిలా నటించి రాజు పేరుతో దొంగ ఉత్తరం తెచ్చేవాడు. అతను మొదటిసారి జైలు గదిలోకి వచ్చే షాట్ చూడండి. కిటికీ ఊచల నీడ నేల మీద శిలువలా పడుతుంది, జోన్ దాన్ని చూసుకుని మురిసిపోతుంటుంది. అతను వచ్చేసరికి అతని నీడ పడి అది చెరిగిపోతుంది. ఒక్క టైటిల్ కార్డు లేదు, మాట లేదు.

ఆమె మనసు మార్చుకునే సీన్ కూడా ఇలాంటిదే. ప్రాణభయంతో సంతకం పెట్టింది, యావజ్జీవ ఖైదు వేశారు, జుట్టు గొరిగేస్తున్నారు. జోన్‌గా వేసిన ఫాల్కొనెట్టి జుట్టు నిజంగానే తీయించారు. గొరిగిన జుట్టుని ఊడ్చేవాడు దానితోపాటు, అంతకుముందు సైనికులు ఎగతాళికి పెట్టిన గడ్డి కిరీటాన్నీ కలిపి ఊడ్చేస్తాడు. ఆ చెత్తలో కిరీటం చూడగానే ఆమెకి ఏదో తెగిపోతుంది, జడ్జీలని వెనక్కి పిలవండి అంటుంది. నిజ చరిత్రలో జరిగిన తీరు వేరు. నాలుగు రోజుల తర్వాత ఆమె, ఇక వేసుకోనని ఒప్పుకున్న మగబట్టల్లోనే మళ్ళీ కనిపించింది, అడిగితే సంతకం పెట్టి దేవుడికి ద్రోహం చేశానని గొంతులు చెప్పాయంది. లేఖరి ఆ జవాబు పక్కన మార్జిన్‌లో 'ప్రాణాంతకమైన జవాబు' అని లాటిన్‌లో రాసుకున్నాడు. డ్రేయర్ ఇదంతా తీసేసి చీపురూ కిరీటమూ పెట్టాడు. చరిత్రకారులు గొణిగినా సినిమాకి ఇదే మేలు అంటాను.

ఇంకో సంగతి, ఇది చదివినప్పుడు నేను పుస్తకం మూసి కాసేపు కూర్చుండిపోయాను. మే 30 పొద్దున, తిరిగి మతద్రోహంలో పడిందని తేల్చేసిన ఆ మనిషికి, కోషాన్ అనుమతితోనే సత్ప్రసాదం ఇచ్చారు. వాళ్ళ రూల్ ప్రకారం ఇవ్వకూడదు. ఆమె నిజంగా చర్చికి వెలుపలి మనిషని వాళ్ళే నమ్మితే ఎలా ఇస్తారు? సినిమాలోనూ ఆ చివరి సత్ప్రసాదం ఉంది, ఈసారి కాగితం లేకుండా.

రెండో ప్రశ్న, పునీతురాలు ఎలా అయ్యిందని. 1455లో పోప్ మూడో కలిక్స్‌టస్ పునర్విచారణకి అనుమతిచ్చాడు, అదే ఏడాది ఆమె తల్లి ఇజబెల్ రోమే ప్యారిస్ నోత్రదామ్‌లో నిలబడి న్యాయం అడిగింది, 1456 జూలై 7న పాత తీర్పుని కొట్టేశారు. ఆ కొట్టేయడం ఆమె పవిత్రురాలని కాదు, విచారణ జరిపిన పద్ధతి చెల్లదని. ఏడో చార్లెస్‌కీ దీంతో పని ఉంది, మతద్రోహి పుణ్యాన రాజయ్యాడన్న మచ్చ పోవాలి కదా. బతికుండగా ఆమెని విడిపించడానికి వేలు కదిపినట్టు కనపడడు, అది వేరే సంగతి. 1909లో ధన్యురాలు (పునీతురాలికి ముందు మెట్టు), 1920లో పునీతురాలు. ఇందులో ఒక మెలిక చాలామందికి తెలియదు. ఆమెని పునీతుల జాబితాలో చేర్చింది కన్యగా, వేదసాక్షిగా కాదు. వేదసాక్షి అంటే విశ్వాస శత్రువుల చేతిలో చచ్చినవాళ్ళు, మరి ఈమెని శిక్షించింది బిషప్ కూర్చున్న కోర్టు! సినిమా మాత్రం చివర్లో నేరుగా ఆమె చేత 'నా విజయం నా వేదసాక్ష్యం' అనిపిస్తుంది. చర్చి ఇవ్వని బిరుదు డ్రేయర్ ఇచ్చేశాడు. కాబట్టి కపటమా అంటే, కొంత రాజకీయం, కొంత ఆలస్యంగా వచ్చిన న్యాయం, పూర్తిగా ఏదీ కాదు. అన్నట్టు 1928లో ప్యారిస్‌లో విడుదలకి ముందు ఆర్చిబిషప్ పట్టుబట్టి ఈ సినిమాకే కోతలు పెట్టించారు. బ్రిటన్‌లో ఇంగ్లీషు సైనికుల్ని అలా చూపించినందుకు కొంతకాలం నిషేధం.

ప్రింట్ల సంగతి. అసలు నెగటివ్ 1928 డిసెంబరులో బెర్లిన్‌లో కాలిపోయింది. డ్రేయర్ మిగిలిపోయిన టేకులతో రెండోది కూర్చాడు, మరుసటి ఏడాది అదీ కాలిపోయింది. 1950ల మొదట్లో ఒక ఫ్రెంచి చరిత్రకారుడు దొరికిన ప్రింట్‌కి పాత సంగీతమూ, వెనక రకరకాల అలంకరణలున్న టైటిల్ కార్డులూ తగిలించి వదిలాడు, డ్రేయర్‌కి అది అస్సలు నచ్చలేదు. పాత చవక డిస్కుల్లో కనిపించేది ఎక్కువగా అదే, మీరు చూసింది అదేనేమో చూసుకోండి, కార్డుల వెనక చర్చి బొమ్మలుంటే అదే. కోతలు పడకముందు డెన్మార్క్‌లో ఆడిన ప్రింట్ 1981లో నార్వేలో ఓస్లో దగ్గర ఒక మానసిక వైద్యశాలలో సామాను గదిలో దొరికింది. డ్రేయర్ అప్పటికే పోయి పదమూడేళ్ళు. ఇప్పుడు రీస్టోర్ చేసినవన్నీ దాన్నుంచి వచ్చినవే, డేనిష్ కార్డులు కనిపిస్తే అదేనని గుర్తుపట్టొచ్చు, కొన్నిటిలో ఫ్రెంచి కార్డులు పెట్టారు. స్పీడ్ రెండు రకాలు, సెకనుకి 24 ఫ్రేములది గంటా ఇరవై నిమిషాలు, 20 ఫ్రేములది గంటా ముప్పై ఏడు. నా ఓటు 20కి, ఫాల్కొనెట్టి కన్నీళ్ళు 24లో మరీ త్వరగా జారిపోతాయి. సంగీతం ఏది వాడాలో డ్రేయర్ ఏమీ ఖాయం చెయ్యలేదు, అందుకే ఒక్కో డిస్కులో ఒక్కొక్కటి ఉంటుంది. రెండోసారి చూసేటప్పుడు సౌండ్ పూర్తిగా తీసేసి చూడండి. మొదటి పది నిమిషాలు ఇబ్బందిగా ఉంటుంది, తర్వాత అలవాటైపోతుంది.

ఆ తర్వాత వీలుంటే రాబెర్ బ్రెస్సన్ 1962లో ఇదే విచారణ మీద తీసింది చూడండి, గంటా అయిదు నిమిషాలే. అందులో కన్నీళ్ళు తక్కువ, క్లోజప్‌ల హడావిడి లేదు, రికార్డులోని ప్రశ్నలూ జవాబులూ పొడిపొడిగా నడుస్తాయి, వృత్తి నటి కాని అమ్మాయి జోన్‌గా వేసింది. 'ముందు దేవుడు' అన్న పట్టుదల ఎంత మొండిదో అక్కడ బాగా తెలుస్తుంది. రెండిటి మధ్య నాలుగైదు రోజులు గ్యాప్ ఇవ్వండి, ఫాల్కొనెట్టి ముఖం కళ్ళలో ఉండగా చూస్తే బ్రెస్సన్ జోన్ మీకు బండరాయిలా కనిపించి మధ్యలో ఆపేస్తారు.